పడుకున్న నెలవంక

లేదు, ముందే చెప్తున్నా. క్షమాపణ అడగడానికి రాలేదు. పండగ పొద్దున కదా, చుట్టూ ప్రతి సమాధి దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని కళ్ళు ఒత్తుకుంటున్నారు కదా, రుమియాతి కూడా వచ్చేసిందని మురిసిపోకు. ముందు ఈ గడ్డి సంగతి చూడాలి. ఉపవాసాలకి ముందే శుభ్రంగా పీకి, పూలు చల్లి వెళ్ళానా? నెల తిరిగేసరికి మళ్ళీ మోకాలెత్తు. నువ్వు హాయిగా పడుకుంటావు, చాకిరీ నాది.

అసలు మన జావా మర్యాద ప్రకారం ఈ రోజు ఎవరు ఎవరికి వంగాలి? చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి. నీకంటే నేను రెండేళ్ళు పెద్ద. ఆ సంగతి మన పెళ్ళికి వచ్చిన ప్రతివాళ్ళకీ మీ అమ్మ పేరుపేరునా చెప్పింది. అయినా ముప్పై ఒక్క ఏళ్ళు నిన్ను 'మస్' అనే పిలిచాను, అన్నగారిని పిలిచినట్టు. ప్రతి పండక్కీ నీ మోకాళ్ళ మీద తల పెట్టి, తెలిసి చేసినవీ తెలియక చేసినవీ అన్నీ మన్నించమన్నాను. నువ్వు నా తల మీద చెయ్యేసి, పెద్ద రాజుగారిలాగా, "సరేలే రుమ్" అనేవాడివి.

ఈసారి కాస్త ఆగు. ముందు తిట్టవలసినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. నీ వంతు చివర వస్తుంది. కాదు, నీ తర్వాత ఇంకొకళ్ళున్నారు. ఆ సంగతి ఆఖర్న చెప్తాను.

ఆ ద్రాజత్ ఉన్నాడే, నీ వెనకాల పుస్తకాలు మోసుకుంటూ తిరిగినవాడు, ఇప్పుడు ఆకాశ మందిరానికి డైరెక్టరు. కొత్త బాటిక్ చొక్కా, జేబులో రెండు పెన్నులు. రెండూ రాయవు, నేను చూశాను. మొన్న ఇరవయ్యో ఉపవాసం నాడు, సాయంత్రం నాలుగింటికి, నా గొంతు ఎండిపోయి ఉన్నప్పుడు వచ్చి కూర్చున్నాడు. "బు రుమ్, అమ్మా, చిన్న సమస్య," అన్నాడు. వాడు చిన్నదన్నాడంటే కొంప మునిగిందన్నమాట.

సంగతేంటంటే, నీ లింతాంగ్‌లో చంద్రుడి మీద వెలుగు తప్పుగా పడుతోందట.

అవును, నీ లింతాంగే. కూతురు పుడితే పెడదామనుకున్న పేరు తీసుకెళ్ళి కంప్యూటరు ప్రోగ్రాముకి పెట్టావు కదా. పదమూడేళ్ళు కూర్చుని భూమినీ, గ్రహాలనీ, వాటి ఉపగ్రహాలనీ ఒక్కొక్కటే రాశావు. ఎక్కడ నుంచుంటే ఆకాశం ఎలా కనిపిస్తుందో అలా చూపించాలన్నావు. ఆ మందిరం గుమ్మటం లోపలివైపు ఇప్పటికీ నీ ఆకాశమే వేస్తున్నారు. గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద నీ పేరు, 'ఇక్కడి ఆకాశాన్ని రాసినవాడు వాస్కితో' అని. నెలకోసారి ఆ పలక తుడిచేది ఎవరనుకున్నావు? ద్రాజతా?

సరే విను. ఆ తప్పు పట్టింది ఎవరో తెలుసా? ఇంజనీరు కాదు, ప్రొఫెసరు కాదు. మందిరం గేటు బయట బక్సో బండి పెట్టుకున్న పా గియోనో. మాంసం ఉండల పులుసు నువ్వు రెండు గిన్నెలు తాగేవాడివే, నీ చక్కెర జబ్బు మర్చిపోయి, తియ్య సోయా చారు కుమ్మరించుకుని. ఆయనే. వాన పడితే బండి కప్పేసి లోపలికొచ్చి వెనక వరసలో కూర్చుంటాడు. ఆ రోజు గుమ్మటం మీద నెలవంక వేశారట, పండగ దగ్గరపడుతోందని. ఆయన లేచి, "అయ్యా, మీ నెలవంక తప్పు. ఇది నిలబడి ఉంది. నేను ప్రతి నెలా పొద్దు గుంకాక పొయ్యి వెలిగిస్తూ చూస్తాను. మన ఊళ్ళో అది పడుకుని ఉంటుంది, సగం కొబ్బరిచిప్పలాగా," అన్నాడట.

అందరూ నవ్వారట. ద్రాజత్ కూడా. మసీదు గుమ్మటం మీద చూడు, జెండాల మీద చూడు, బిస్కెట్ డబ్బా మీద చూడు, ఎక్కడైనా నెలవంక నిలబడే కదా ఉంటుందని పాఠం చెప్పాడట ఆయనకి. బిస్కెట్ డబ్బా! ఖగోళ శాస్త్రం చదివిన మనిషి! కిటికీ తీసి తల బయటపెడితే తెలిసిపోయేదానికి బిస్కెట్ డబ్బా సాక్ష్యం.

మరి నాలుగేళ్ళుగా ఎవరూ చూడలేదా అంటావా? ఎవరు చూస్తారయ్యా! నువ్వు పోయాక అక్కడ వేసేవన్నీ రాకెట్లూ, నల్లటి బిలాలూ, ధడేల్ ధడేల్ మని చప్పుళ్ళు. చంద్రుడెవడిక్కావాలి? రోజూ పైన ఉచితంగా కనిపించేవాణ్ణి టిక్కెట్టు కొని ఎవడు చూస్తాడు?

పా గియోనో ఊరుకోలేదు. మరుసటి రోజునుంచీ బక్సో తినడానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు, ఈ మందిరంలో చంద్రుడు అబద్ధమని. ఇక ద్రాజత్‌కి చెమటలు పట్టాయి. ఎందుకంటే ఉపవాసాల చివరి సాయంత్రం నెలవంక చూడ్డానికి సర్కారు ఆఫీసువాళ్ళూ, ఊరివాళ్ళూ ఆ మందిరం మేడ మీదకే వస్తారాయె. ముందు లోపల ఆకాశం చూపించి, ఏ మూల ఎలా వెతకాలో చెప్పి, తర్వాత మేడ ఎక్కిస్తారు. లోపల ఒకలాగా, బయట ఇంకోలాగా ఉంటే పరువేం కాను?

అప్పుడేం చేశాడో తెలుసా? నా దగ్గరికి రాలేదు. జకార్తానుంచి ఫెర్డియన్ అనే ఒక మేధావిని రప్పించాడు. కుర్రాడేం కాదు, నలభై దాటాయి, నెత్తిమీద మాత్రం ఇరవై ఏళ్ళవాడి జుట్టు. ఆయనగారు నీ ప్రోగ్రాము తెరిచి చూసి పది నిమిషాలు నవ్వాడట. నవ్వడా మరి? సూర్యుడి గురించి రాసిన చోటల్లా తమరు, దయచేయండి అని పెద్దవాళ్ళతో మాట్లాడే జావానీస్‌లో రాస్తివి. చంద్రుడి దగ్గరకొచ్చేసరికి ఒసే పిల్లా, ఇటు తిరుగు. శనికి ముసలాయన. ధూళికి సంబల్ కారప్పొడి. కంప్యూటరుకి కూడా వాళ్ళ వాళ్ళ హోదానిబట్టి మర్యాద నేర్పినవాడివి నువ్వొక్కడివే.

ఆ ఫెర్డియన్ నీ లెక్కలేవీ చదవలేదు. చంద్రుడి చీకటి భాగం మరీ చీకటిగా ఉంది, అందుకే జనానికి తేడాగా అనిపిస్తోందన్నాడు. ఏం చేశాడో చెప్పనా? లోకమంతటికీ వెలుగు పెంచాడు. సూర్యుడితో పని లేకుండా, అన్ని వైపులనుంచీ, పెళ్ళి పందిట్లో లైట్లు వేసినట్టు. దెబ్బకి నెలవంక పోయి పున్నమి చంద్రుడొచ్చాడు. ఏ తారీకు పెట్టినా పున్నమే! శని వలయాల నీడ మాయం. భూమికి రాత్రి లేదు. రాత్రే లేకపోతే మరి మేం ఉపవాసం ఎప్పుడు విడవాలి నాయనా?

ఇప్పుడు బాగానే ఉంది కదా, కాంతివంతంగా ఉంది అన్నాడట. ద్రాజత్ తల ఊపాడట కూడా. పా గియోనో వెనక వరసలోంచి లేచి బయటికెళ్ళిపోయాడట. అప్పుడొచ్చింది ద్రాజత్‌కి సిగ్గు.

అప్పుడు నా గుమ్మంలోకి వచ్చాడు. తొమ్మిది రోజులే ఉన్నాయి, మీవల్ల కాకపోతే చెప్పండి, విదేశీ ప్రోగ్రాము తెప్పిస్తాం, లింతాంగ్ తీసేస్తాం అన్నాడు. తీసేస్తే పలక సంగతేంటన్నాను. వాడు గోడకేసి చూస్తూ, "ఆకాశం ఆయనది కానప్పుడు పలక ఎలా ఉంచుతాం బు?" అన్నాడు.

అదీ సంగతి. నువ్వు మిగిల్చిపోయింది ఏముంది గనక? పిల్లలు లేరు. ఆస్తి లేదు. ఒక ఆకాశం, ఒక పలక. అదీ పీకేస్తానంటాడు, పీకేవాడు ఎవడయ్యా అంటే నీ పుస్తకాలు మోసినవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్విక లే ద్రాజత్, నేను చూస్తానన్నాను.

బడిలో లెక్కలు చెప్పుకున్నదాన్ని, రిటైరయినదాన్ని, అరవై మూడేళ్ళదాన్ని. రోజూ మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక కూర్చునేదాన్ని, ఉపవాసం విడిచే డప్పు వినపడేదాకా. కడుపులో ఏమీ లేకుండా నీ రాత చదవడం ఎంత శిక్షో తెలుసా? ముందు ఆ ఫెర్డియన్ పెట్టిన లైట్లన్నీ ఆర్పేశాను. అది ఒక్క రోజు పని. భూమికి రాత్రి తిరిగొచ్చింది. నెలవంక కూడా తిరిగొచ్చింది, నిలబడే.

తర్వాత నీ లెక్కలు. సూర్యుడెక్కడ, చంద్రుడెక్కడ, చూసే మనిషి నేల మీద ఎక్కడ. ఒక్కొక్క లైనూ కాగితం మీద నేను మళ్ళీ చేసుకుంటూ వచ్చాను. అంతా సరిగ్గానే ఉంది. ఎంత కోపమొచ్చిందో! తప్పు దొరికితే నిన్ను తిట్టుకుంటూ దిద్దేదాన్ని. ఆరు రోజులు తప్పు లేదు. మన ఊళ్ళో సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోతాడు, నెలవంకకి వెలుగు కిందనుంచే రావాలి, అది పడుకునే ఉండాలి. నువ్వు అలాగే రాశావు. మరి తెర మీద ఎందుకు నిలబడుతోంది?

ఏడో రోజున కనపడింది. అన్ని లెక్కలూ అయిపోయాక, అట్టడుగున, ఒంటరిగా ఒక్క లైను. వచ్చిన జవాబుకి ఇంత కోణం కలుపు, అంతే. ఎందుకు కలపాలో లేదు. ప్రతిదానికీ పేజీడు కారణం రాసే మనిషివి, ఇక్కడ కారణం లేదు. దాని పైన ఒక చిన్న మాట మాత్రం ఉంది. నీ మాటే. కాగితం మీద రాసుకొచ్చాను, ఉండు, కళ్ళజోడు.

"తప్పు చూపించిన పరిశీలకుడు గారికి నమస్కారం. మూడు నెలలు బయట కూర్చుని చూశాను. నా కళ్ళకి చంద్రుడు పడుకునే కనిపించాడు. కానీ మీ అంకెలు శుభ్రంగా ఉన్నాయి, నా కళ్ళు శుభ్రంగా లేవు. అంకెలనే నమ్ముతున్నాను."

విన్నావా? నీ రాతే. చక్కెర జబ్బు కళ్ళకెక్కిన ఏడాది అది. ఎవడో పరిశీలకుడని పేరు పెట్టుకుని, మొహం చూపించని మనిషి, నాలుగు అంకెలు రాసి పంపితే, నీ లెక్క కాదనుకున్నావు, నీ చూపు కాదనుకున్నావు. ఆ లైను రాశాక నువ్వు లింతాంగ్ మళ్ళీ తెరవలేదు. అంతకుముందు డాక్టరు చెప్పినా నమ్మలేదే, నా చూపు బాగానే ఉందని దెబ్బలాడావే. ఆ నెలలో మాత్రం వచ్చి మంచం మీద కూర్చుని, "రుమ్, నా కళ్ళు ఇక చంద్రుడికి కూడా పనికిరావు," అన్నావు. మర్నాడు మోటారుసైకిలు అమ్మేశావు. కర్ర పట్టుకున్నావు. ఎనిమిది నెలలకి పోయావు.

ఆ లైను కొట్టేశాను. ఒక్క లైను! అంతే చేశాను తొమ్మిది రోజుల్లో. తెర మీద నెలవంక మెల్లగా తిరిగి వెల్లకిలా పడుకుంది.

నిన్న సాయంత్రం మందిరం కిటకిటలాడింది. లోపల నీ ఆకాశం వేశారు. పా గియోనో వెనక వరసలో కూర్చుని చూసి, తలపాగా సర్దుకుని, ఊఁ అన్నాడు. అదొక్కటే నాకు బహుమానం. తర్వాత అందరూ మేడ ఎక్కారు. నేను ఇంటినుంచి రెండు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు రిక్షాలో వేయించుకుని తీసుకెళ్ళాను. రెండోది ఎవరికి బు అని ద్రాజత్ అడిగాడు. దాన్ని నా పక్కనే వేశాను.

మబ్బు ఉంది, పడమటంతా. పొద్దు గుంకాక ఐదు నిమిషాలు విడిపోయింది. కనపడింది మస్. సన్నగా, గోటి అంచంత. కొబ్బరిచిప్పలాగా పడుకుని. లోపల నువ్వు వేసింది ఎలా ఉందో అచ్చం అలాగే. జనం గొణుక్కున్నారు, అరె, అలాగే ఉందే అని. వెంటనే ద్రాజత్ గొంతు సవరించుకుని, "మా బృందం శాస్త్రీయంగా సరిదిద్దిన ఫలితం," అన్నాడు. బృందమట! ఆ ఫెర్డియన్‌కి శాలువా కప్పారు. కప్పుకున్నాడు కూడా, సిగ్గు లేకుండా, అద్దం ఉంటే చూసుకునేవాడు. నన్ను చూపించి, దివంగత వాస్కితో గారి సతీమణి, మనకి టీ ఏర్పాట్లలో సాయపడ్డారన్నాడు.

 పలక ఉంటుంది కదా అని ఊరుకున్నాను. వాళ్ళని చూస్తే నాకు అసహ్యం. ఒకడు కిటికీ తెరవడు, ఒకడు లెక్క చదవడు, ఇద్దరూ శాలువాలకి మాత్రం మెడ వంచుతారు.

ఇంకొకళ్ళున్నారన్నాను కదా.

ఆ పరిశీలకుడు. వాణ్ణి తిట్టాలి. వాడి ముందు వీళ్ళిద్దరూ ఎంత? వీళ్ళు తెలివితక్కువవాళ్ళు, అంతే. వాడికి లెక్కలొచ్చు.

గుర్తుందా, బాందుంగ్‌నుంచి ఖగోళం ప్రొఫెసర్లు వచ్చిన రోజు? గురుడి చంద్రుల లెక్క ఎవరు సరిచూశారు, ఇంత చక్కగా ఉందని అడిగారు. మూడేళ్ళు నేను చేసిన లెక్క. నేను అక్కడే ఉన్నాను, చేతిలో పళ్ళెంతో. నువ్వు నవ్వి, "మా ఆవిడా? బడిలో లెక్కలు చెప్తుంది, పిల్లల లెక్కలు," అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే ఇంకో ప్రోగ్రాము దొరికితే, విదేశీది, నా కంప్యూటరులో పెట్టుకున్నాను. అదే తారీకు, అదే గంట. దాంట్లో నెలవంక నిలబడి ఉంది, నీదాంట్లో పడుకుని ఉంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. దొరికాడు దొంగ అనుకున్నాను. అంకెలన్నీ శుభ్రంగా దింపి, పరిశీలకుడని పేరు పెట్టి నీకు పంపాను. నువ్వు కొట్టుకులాడి, తప్పు దొరక్క, చివరికి నా దగ్గరికి వచ్చి రుమ్, నువ్వు చూడు అంటావనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం మస్.

మొన్న దాన్ని మళ్ళీ తెరిచాను, ఎక్కడ తేడా వచ్చిందో చూద్దామని. కింద మూలన సన్నటి అక్షరాల్లో ఊరి పేరు ఉంది. లండన్. మొదటి రోజునుంచీ అది లండన్‌లో నుంచుని చూస్తోంది. అక్కడ ఆ నెలలో నెలవంక నిలబడే ఉంటుంది, అది నిజమే. ఊరు మార్చాలని నాకు తోచలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టి, ముందు ఏమిచ్చారో చదవండ్రా అని చెప్పినదాన్ని.

అక్కడితో అయిపోతే బాగుండేది. పొరపాటని చెప్పి చేతులు దులుపుకునేదాన్ని.

మూడో నెల, నువ్వు పెరట్లోంచి పిలిచావు. ఉపకారం చేసి ఒక్కసారి వచ్చి చూడు రుమ్, నాకు పడుకున్నట్టు కనిపిస్తోంది, నీకెలా కనిపిస్తోందో చెప్పు అన్నావు. లెక్క అడగలేదు. నా కళ్ళు అడిగావు. నేను వంటింట్లో ఉన్నాను, సోయాగింజల టెంపే వేయిస్తున్నాను. రెండడుగులు వేస్తే గుమ్మం. వెళ్ళలేదు. తల కూడా ఎత్తకుండా, "నిలబడే ఉంది మస్," అన్నాను.

 అవునా, సరేలే రుమ్ అన్నావు.

జరుగు, ఈ పూలు పెట్టనీ. మోకాళ్ళు వంగట్లేదు, ఉండు. ఇంటికి చుట్టాలొచ్చే వేళయింది, కోడికూర పొయ్యి మీదే ఉంది. తెలియక చేసినవి మన్నించమని అడగను. అవి నువ్వు ఎప్పుడో మన్నించేసి ఉంటావు. తెలిసి చేసింది ఒకటే.

నీ కళ్ళు బాగానే ఉన్నాయి మస్. అది పడుకునే ఉంది.

ఆ రోజు పెరట్లో నువ్వు రెండు కుర్చీలు వేశావు. వంటింటి కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. మూడు నెలలూ రెండేసి కుర్చీలు వేశావు.